సత్యఘంట కింద టక్కరి

పిన్ని వచ్చింది ఇస్త్రీపెట్టె తిరిగిచ్చి పోదామని. తలుపు తీసిన అక్క కూతురు దాని వంక చూడనైనా లేదు, పిన్ని చెయ్యి పట్టుకుని లోపలికి లాగేసింది.

"దేవుడు పంపినట్టొచ్చావు పిన్నీ! మా టక్కరికి కాలు బెణికింది, రానన్నాడు. అతని చోట్లో నువ్వు కూర్చో."

"నేను కూర్చుంటే అతని బెణుకు తగ్గుతుందా ఏమిటే?"

గదిలో బల్ల మీద చేత్తో గీసిన కోట పటం పరిచి ఉంది. ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఇక్కడ ఆట. తలా ఒక పాత్ర వేసుకుంటారు, ఏం చేస్తారో నోటితో చెబుతారు, అది పారిందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. కథ నడిపేది అక్క కూతురు. దారిలో ఎదురైన ప్రతివాడి తరఫునా మాట్లాడేదీ ఆమే. తాళాలు బాగుచేసే అతను కత్తివీరుడు. పళ్ళ డాక్టరమ్మ మంత్రగత్తె. మిగిలింది టక్కరి.

పిన్ని కళ్ళజోడు సర్దుకుని టక్కరి కాగితం చదివింది. ఎవరి గొంతయినా అనుకరించగలడు. నవ్వనంతసేపు ఎవరి ముఖమైనా పెట్టుకోగలడు. ఎంతటివాణ్ణయినా మాటల్తో బుట్టలో వెయ్యగలడు.

"నాకు అబద్ధమాడటం చేతకాదే," అంది.

అది నిజమే. ఆమె కోర్టులో స్టెనో. ఇరవై ఏడేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ అబద్ధాలన్నీ పొల్లు పోకుండా రాసిందే తప్ప సొంతంగా ఒకటీ ఆడి ఎరగదు. అసలు ఆ హాల్లో నోరు విప్పే పనే లేదామెకు. లాయరు అడగాల్సిన ప్రశ్న వదిలేసి కూర్చున్నప్పుడల్లా అది ఆమె నాలుక చివరిదాకా వచ్చి, మింగుడుపడక మింగుడుపడక లోపలికి పోయేది.

సరే, కూర్చుంది.

ముగ్గురూ కోటలోంచి బయటపడాలి. ఒకటే ద్వారం. గోడ మీద పదిమంది సైనికులు, కింద కాపలావాడు, వాడి నెత్తిన సత్యఘంట. దాని కింద ఎవరు అబద్ధమాడినా గణగణమని మోగుతుంది.

"ఇంకేముంది, కొంప మునిగింది," అన్నాడు తాళాలతను. "టక్కరి నోరు కట్టేశాక మనకింక దిక్కేది?"

పిన్ని పటం వంక చూస్తూ అడిగింది. "ప్రశ్న అడిగితే మోగుతుందా?"

అక్క కూతురు నోట్సు తిరగేసింది. "ప్రశ్న అబద్ధమెలా అవుతుంది? మోగదు."

"అయితే నేను వాడి దగ్గరికి వెళ్తున్నాను." పిన్ని వెన్ను నిటారు చేసుకుంది. "ఏం బాబూ, ఎన్నేళ్ళుగా ఉన్నారిక్కడ?"

"పదేళ్ళు!" అక్క కూతురు కాపలావాడై మీసం దువ్వింది.

"సెలవు పెట్టకుండానా?"

"ఒక్కరోజూ పెట్టలేదు!"

"వానల్లోనూ ఇక్కడే ఉన్నారా?"

"ఇక్కడే!"

"ఒళ్ళు కాలిపోయే జ్వరంలోనూ?"

"నుంచునే ఉన్నాను!"

తాళాలతను కుర్చీ అంచుకి జరిగాడు. పిన్ని గొంతు మెత్తబడింది, వెన్నలా.

"పదేళ్ళు నుంచునే ఉన్నారా? పాపం, మధ్యాహ్నం ఎండ నెత్తి మీదికొచ్చినప్పుడైనా ఒక కునుకు తియ్యలేదా?"

"కన్ను మూస్తే ఒట్టు!"

అనేసి అక్క కూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆమె నోట్సులో ఆమె చేత్తోనే రాసి ఉంది, కాపలావాడు రోజూ మధ్యాహ్నం గురకపెట్టి నిద్రపోతాడని.

"గంట..." అంది నీరసంగా. "గంట మోగింది."

గది దద్దరిల్లింది. డాక్టరమ్మ బల్ల మీద రెండు చేతులా బాదింది. "వాడి గంటతో వాణ్ణే పట్టించారు!"

"ఆగండి, పని పూర్తికాలేదు," అంది పిన్ని. ఆమె చెవులు వేడెక్కిపోయాయి. "సైనికులు వాడివైపు చూస్తున్నారా? ఇప్పుడు కోట దొర గొంతుతో గట్టిగా అరుస్తున్నాను. వాణ్ణి పట్టుకోండి! ద్వారం తెరవండి!"

"అది అబద్ధం పిన్నీ! నువ్వు దొరవి కాదుగా!"

"దొరనని ఎక్కడన్నానే? 'పట్టుకోండి' అంటే అది ఆజ్ఞ. ఆజ్ఞలో నిజమేమిటి, అబద్ధమేమిటి?"

అక్క కూతురు రెండు క్షణాలు ఆలోచించి ఒప్పుకుంది. "కానీ గొంతు నమ్మాలంటే పదిహేను పైన పడాలి."

పిన్ని పాచిక విసిరిన ఊపుకి అది బల్ల దాటి బీరువా కిందికి దొర్లింది. తాళాలతను బోర్లా పడుకుని చూశాడు. "ఇరవై! పిన్నిగారూ, ఇరవై!"

"ఇరవయ్యేనా?" అంది పిన్ని, కళ్ళజోడు మీంచి చూస్తూ.

అతను ఆ చూపుకి తట్టుకోలేకపోయాడు. "మూడండీ."

"కింద పడ్డది లెక్కలోకి రాదు, మళ్ళీ వెయ్యి," అంది అక్క కూతురు నవ్వాపుకుంటూ.

పిన్ని పాచికని గుప్పిట్లో ఊపింది, ఊపింది, వదిలింది. తిరిగి తిరిగి పటం మీది ద్వారం దగ్గరే ఆగింది. పదిహేడు!

"తెరిచారు!" అని కేకపెట్టింది పిన్ని. కోట దొర గొంతు ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదు గానీ, ఆ క్షణాన మాత్రం అలాగే ఉంటుందనిపించింది అందరికీ. ముగ్గురూ లేచి నిలబడి, కుర్చీలు వెనక్కి తన్నేసి, నిజంగానే పరిగెత్తుతున్నట్టు ఆయాసపడ్డారు.

పొద్దు వాలుతుండగా అక్క కూతురు ఆమెను బస్టాపుదాకా దిగబెట్టింది.

"ఇంత నోరు ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావు పిన్నీ?"

"దాచలేదే. రాస్తూ లోపల అడుగుతూనే ఉన్నాను. వినే నాథుడే లేడు."

"అవునూ, వాడు నిద్రపోయానని ఒప్పేసుకుని ఉంటే ఏం చేసేదానివి?"

పిన్ని మొహం వెలిగిపోయింది. "ఒప్పుకుంటే ఇంకా హాయి! అప్పుడు మొదటి ప్రశ్న, 'మీరు నిద్రపోయినప్పుడు తాళంచెవి ఎవరి దగ్గరుంది?' రెండోది..."

బస్సు వచ్చింది, ఆగింది, వెళ్ళిపోయింది. పిన్ని అప్పటికి నాలుగో ప్రశ్నలో ఉంది.