గిల్లేసిన చిగుళ్లు

కార్నాబుల్ విమానాల క్లబ్బులో శనివారం పొద్దున్నే చెక్క రెక్కల వాళ్లకు ఒక పని ఉంటుంది. పెట్రోలు చూసుకుని, చక్రాలు చూసుకుని, ఆ తర్వాత రెక్కల వెంట నడుస్తూ రాత్రి మంచుకు మొలిచిన చిగుళ్లు గిల్లుకోవాలి. చెక్క రెక్కకు కాస్త తడి తగిలితే చాలు, పొయ్యి మీద ఒక వాయి సాసేజీలు కాలేలోపు చిగురేస్తుంది. రేకు విమానాల వాళ్లకు ఆ బాధ లేదు. వాళ్లు వరండాలో కూర్చుని టీ తాగుతూ, తోటపని ఎంతవరకూ వచ్చిందని వీళ్లను ఆటపట్టిస్తుంటారు. గిల్లిన చిగుళ్లను ఎవరూ పారెయ్యరు. పొయ్యిలో వేస్తే పొగ కమ్మగా ఉంటుంది.

ఇంకో సంగతి కూడా అక్కడ అందరికీ తెలుసు. రెక్క లోపలి దూలం ఎక్కడైనా విరిగితే, ఆ విరుగు దాటి చిగురు రాదు. అందుకే చెక్క విమానం అమ్మేటప్పుడు అమ్మేవాడు రెక్క మీద చెయ్యి వెయ్యడు. చిగుళ్లు కొనేవాళ్లే గిల్లుకుంటారు. మొదటి నుంచి కొసదాకా గిల్లి, తృప్తి పడితేనే బేరం.

డెల్విన్ రాష్ ఆ శనివారం పాత బట్టలు వేసుకుని వచ్చింది అందుకే. ఆమెకు నలభై ఏడేళ్లు. విమ్మెరా వైపు పొలాల్లో గోధుమ కోతలప్పుడు హార్వెస్టర్ నడుపుతుంది, మిగతా రోజుల్లో గొర్రెల బొచ్చు కత్తిరించే షెడ్లలో వంట చేస్తుంది. గాలిలో పల్టీలు కొట్టే పోటీలకు వెళ్లాలని ఏళ్ల తరబడి ఆశ. లిండ్సే కోల్బ్ పసుపు విమానం అమ్మకానికి వచ్చిందని విన్నప్పుడు ఆమెకు నిద్ర పట్టలేదు. లిండ్సే క్లబ్బు అధ్యక్షుడు, ఆమెకు విమానం నడపడం నేర్పిన గురువు. ఒకప్పుడు ప్రతి శనివారం టీ వేళకు ఆ విమానంలో నాలుగు పల్టీలు కొట్టి దిగేవాడు. ఈమధ్య నడుం నొప్పి అని మానేశాడు. అమ్మడానికీ అదే కారణం చెప్పాడు.

డెల్విన్ ఎడమ రెక్క మీద చెయ్యి పెట్టింది. నున్నగా ఉంది. కుడి రెక్కా అంతే.

"నేనే గిల్లేశాలే అమ్మాయ్," అన్నాడు లిండ్సే బరువైన కట్టెల మోపు భుజాన వేసుకుని పొయ్యి దగ్గరికి మోసుకుపోతూ. "నీ చేతులు పాడవుతాయని."

హార్వెస్టరు బోల్టులు విప్పే చేతులు అవి. డెల్విన్ వాటిని ఒకసారి చూసుకుంది.

"కొనేవాళ్లు కదండీ గిల్లాలి," అంది.

"అదంతా ముక్కూ మొహం తెలియని వాళ్లకి. నేను నీకు నేర్పినవాణ్ణి. ఈ రెక్కకి చిన్న గీత కూడా పడలేదు. నా మాట మీద నమ్మకం లేదా?"

వరండాలోంచి నోయెల్ ప్రోస్ అందుకున్నాడు. అతనిది రేకు విమానం, నోరు మాత్రం కాస్త వదులు. "నేను కొన్నప్పుడు అమ్మినవాడు నాకు టీ చుక్క కూడా పొయ్యలేదు డెల్విన్. నీకు లిండ్సే చాకిరీ కూడా చేసిపెట్టాడు. థాంక్స్ చెప్పి చెక్కు రాసెయ్."

అందరూ నవ్వారు. డెల్విన్‌కు ఒళ్లు మండింది. మండదూ మరి? కొనేది మగవాడైతే లిండ్సే ఈ మర్యాద చేసేవాడా? చేసినా వరండా ఇలా నవ్వేదా? గిల్లిన చిగుళ్లయినా చూద్దామని ఆమె పొయ్యి దగ్గరికి వెళ్లింది. అవి అప్పటికే బూడిదయ్యాయి.

"నాకొద్దు," అంది. "గిల్లిన రెక్కని నేను కొనను."

లిండ్సే ముఖం ఎర్రబడింది. నలుగురి ముందు అతనికి ఎదురు చెప్పినవాళ్లు లేరు. "నీ ఇష్టం. నీకు విమానం తాళం పట్టుకోవడం నేర్పిందే నేను. పోనీలే, రేపు బెండిగో నుంచి జారడ్ అని ఒకతను వస్తున్నాడు. ఇప్పటిదాకా రేకువే నడిపాడు. ఇలాంటి చాదస్తాలు అతనికి లేవు."

డెల్విన్ తన బండి దగ్గరికి వెళ్లిపోయింది. తలుపు తీసింది. ఎక్కలేదు. తను ఇంటికి పోతే తనకేమీ కాదు. కానీ ఆ బెండిగో అతనికి ఏం అడగాలో కూడా తెలియదు. పల్టీ కొట్టి పైకి లాగినప్పుడు విమానం బరువు ఐదింతలై, అంతా ఆ రెండు రెక్కల మీదే పడుతుంది. విరిగిన దూలం ఎంతసేపు మోస్తుంది?

అప్పుడు ఆమెకు రెండు విషయాలు తట్టాయి. క్లబ్బుకు ఎప్పుడూ ఆలస్యంగా వచ్చే మనిషి పల్టీలు మానేసిన దగ్గర్నుంచి అందరికంటే ముందే వస్తున్నాడు. ఎంత శ్రద్ధ అని అందరూ మెచ్చుకున్నారు, తనతో సహా. రెండోది ఆ కట్టెల మోపు. నడుం నొప్పి ఉన్నవాడు దాన్ని భుజాన వేసుకుంటాడా?

ఆమె వెనక్కి వచ్చి, పొయ్యి పక్కన కుళాయికి ఉన్న పైపు లాక్కొచ్చి, నీళ్లు తిప్పి ఎడమ రెక్క తడపసాగింది.

"ఏయ్, చెక్క నానిపోతుంది," అని లేచాడు నోయెల్.

"వానకి నానలేదుగా, దీనికీ నానదు. నువ్వు సాసేజీలు తిప్పు, మాడుతున్నాయి."

"పైపు కింద పెట్టు," అన్నాడు లిండ్సే.

"రెక్క బాగుంటే మీకు పోయేదేముంది?"

లిండ్సే పైపు పట్టుకుని లాగాడు. ఆమె వదల్లేదు. చొక్కా తడిసి అతనే వెనక్కి తగ్గాడు. ఆమె కుడి రెక్క కూడా తీరిగ్గా తడిపి, నీళ్లు కట్టేసి, రెక్క కింద నీడలో కాళ్లు చాపుకుని కూర్చుంది. ఇంత మంచి మనిషిని అనుమానించడం ఏమిటని వరండాలో గొణిగారు. గొణిగినవాళ్లలో ఒక్కడైనా లేచి వచ్చి రెక్క చూడలేదు. అంత సుఖమైన నమ్మకం వాళ్లది.

సాసేజీలు కాలాయి. నోయెల్ ఒకటి రొట్టెలో చుట్టి డెల్విన్‌కు ఇద్దామని వచ్చి, రెక్క దగ్గర ఆగిపోయాడు. కుడి రెక్క ఆ కొస నుంచి ఈ కొస దాకా లేతపచ్చగా చిగిర్చింది. ఎడమ రెక్క కూడా చిగిర్చింది, సగం దాకా. అక్కడ ఎవరో కత్తితో కోసినట్టు ఆగిపోయింది. అక్కణ్ణుంచి కొస దాకా ఒట్టి పసుపు రంగు.

వరండాలోంచి ఒక్కొక్కరే లేచి వచ్చారు. ఇప్పుడు వచ్చారు.

"దిగేటప్పుడు కంగారూ అడ్డొచ్చింది," అన్నాడు లిండ్సే చివరికి. "రెక్క కొస కంచె గుంజకి తగిలింది. పైకేమీ కనిపించలేదు. చిగురు ఆగాకే తెలిసింది. పల్టీలు కొట్టొద్దని నీకు చెబుదామనే అనుకున్నాను."

"పల్టీల కోసం కొనేదానికి చెప్తావా? ఎప్పుడు, చెక్కు తీసుకున్నాకా?" డెల్విన్ లేచి నిలబడింది. "రెక్క తడిమి చూడకుండా ఎక్కొద్దని నాకు మొదటి రోజు చెప్పింది నువ్వు. నీ నడుం దిట్టంగానే ఉంది లిండ్సే. నీకు భయమేసింది. నువ్వు ఎక్కడానికి భయపడినదాన్ని నన్ను ఎక్కించబోయావు."

లిండ్సే నోయెల్ వైపు చూశాడు, ఏదైనా అంటాడేమోనని. నోయెల్ చేతిలోని రొట్టె వైపు చూసుకున్నాడు.

"ఆ బెండిగో అతనికి ఫోన్ చెయ్," అంది డెల్విన్.

చేస్తానన్నాడు. చెయ్యలేదు. మర్నాడు క్లబ్బుకు కూడా రాలేదు. అందుకే ఆదివారం పొద్దున జారడ్ వచ్చేసరికి వరండాలో డెల్విన్ ఒక్కతే ఉంది. ముప్పై ఏళ్లుంటాయి, రైలు పెట్టెల మరమ్మతు పని. స్నేహితుడు దింపి వెళ్లిపోయాడట. తిరుగు ప్రయాణం విమానంలోనే కదా అని బండి తెచ్చుకోలేదు, చేతిలో హెల్మెట్ మాత్రం ఉంది. ఆమె అతనికి టీ ఇచ్చి పసుపు విమానం దగ్గరికి తీసుకెళ్లింది. చిగుళ్లు అలాగే ఉన్నాయి, ఎవరూ గిల్లలేదు.

"చేత్తో తడిమి చూడండి. కొసదాకా," అంది.

అతను కుడి రెక్క తడిమాడు. ఎడమ రెక్క తడుముతూ నడిచాడు. వేళ్ల కింద చిగుళ్లు ఒక్కసారిగా అయిపోయిన చోట ఆగాడు. డెల్విన్ రెండు ముక్కల్లో సంగతి చెప్పింది. అతను చెయ్యి తీసేసి జేబులో పెట్టుకున్నాడు.

"వెళ్తూ వెళ్తూ మా ఇంటి మీద ఒక పల్టీ కొడతానని చెప్పొచ్చాను," అన్నాడు. "పిల్లలు పెరట్లో కుర్చీలు కూడా వేసుకున్నారు."

డెల్విన్ లోపలికి వెళ్లి క్లబ్బు ఫోను తెచ్చి అతని చేతికిచ్చింది.