నానో పాఠానికి వచ్చిన నాన్నలు

ఒసే అమ్మడూ, ఆ చాట పక్కనెట్టి ఇలా నా దగ్గరకి జరుగు. ఇది నౌపడ వైపు ఒక బడిలో ముచ్చట.

దీవెన అని బొబ్బిలి పిల్ల, చర్చివాళ్ల అమ్మాయి, ఆ బడికి సైన్సు టీచరుగా కొత్తగా వచ్చింది. పిల్లలు చాలామంది ఉప్పుమడుల్లో పనిచేసేవాళ్ల బిడ్డలే. ఎండలు ముదిరితే ఉప్పు పనికి పోతారు, బెంచీలు ఖాళీ. ఆ ఏడు రేఖ అనే చురుకైన పిల్ల కూడా, "సోమవారం నుంచి మా నాన్న నన్ను మడికి తీసుకెళ్లిపోతాడు మేడమ్" అంది. దీవెనకి ఆ పూట అన్నం సయించలేదు. ఈలోగా దానికి ఒక మంచి పాఠమైనా చూపించాలనుకుంది.

"రేపు నానోతో ఆట. అందరూ తప్పకుండా రండి" అని చెప్పి పంపింది. నానో ఏటో పిల్లలకేం తెలుసు? "నాన్నతో" అని విని ఇళ్లకి మోసుకుపోయేరు.

మర్నాడు గుమ్మం నిండా నాన్నలే. "మావోడు ఏటి సేసేడు టీచరమ్మా?" అంటాడు గణపతిరావు. రేఖ నాన్న త్రినాథ్ లోపలికే రాలేదు. "బేగి సెప్పు, మడికి నీరు కట్టాల" అన్నాడు.

తప్పెక్కడ జరిగిందో తెలిసి దీవెనకి నవ్వాగలేదు. అయినా వాళ్లని పంపకుండా బెంచీల మీద కూర్చోబెట్టింది. పిల్లలు ఒక గ్లాసులో ఉప్పునీళ్లు కలిపేరు. అందులోంచి చెంచాడు తీసి ఇంకో గ్లాసు మంచినీళ్లలో, దాన్నుంచి చెంచాడు మరోదాన్లో. నాన్నలు వరసగా రుచి చూసేరు. ఆఖరి గ్లాసు దగ్గర గణపతిరావు "సప్పిడి" అన్నాడు.

"మరి ఉప్పు పోయిందా?" అంది దీవెన.

"ఎక్కడికి పోద్ది? ఉన్నాది. నాలుక్కి అందట్లేదంతే" అన్నాడు త్రినాథ్ గుమ్మంలోంచే.

"నానో అంటే అంత చిన్న లోకమే. మనకి అందకపోయినా దాని పని అది చేస్తాది" అంది దీవెన.

అప్పుడు రేఖ చేమాకు పట్టుకుని నీటిబొట్టు వేసింది. బొట్టు గోళీకాయలా దొర్లింది. త్రినాథ్ గుమ్మం దాటి వచ్చేసేడు.

"నీరు అంటుకోదేటే?"

"ఆకు మీద కంటికి ఆననంత సన్న బొడిపెలు, మైనం ఉన్నాయి నాన్నా. బొట్టుకి కాలు మోపే చోటు లేదు."

నమ్మక, బొటనవేలితో గట్టిగా రుద్ది మళ్లీ నీరు పోసేడు. ఈసారి అక్కడే పరుచుకుంది.

"మైనం తుడిసీసేవు నాన్నా" అని రేఖ కసిరితే గది గదంతా నవ్వు.

"ఏరా త్రినాథూ, మడికి నీరు కట్టాలన్నావు?" అన్నాడు గణపతిరావు.

"కడతన్నాను కదరా" అన్నాడు త్రినాథ్, ఆకు మీంచి తల ఎత్తకుండా. కాసేపటికి దీవెన వైపు తిరిగి, "సోమవారం ఏటి పాఠం?" అన్నాడు.

"మన బోరు నీళ్లలో సబ్బుకి నురగ ఎందుకు రాదో."

"అయితే రేఖ బడికే వస్తాది. మడికి నేనూ మా ఇంటిదీ సాలుదుం." గుమ్మం దాకా వెళ్లి ఆగేడు. "నేనూ రావచ్చా?"

గుర్తుందా అంతా? రేపు నీ ఈడు పిల్లలు చేరినప్పుడు వాళ్లకీ చెప్పు, తల్లీ. ఆ నాన్న ఆకు రుద్దిన ముచ్చట మాత్రం వదిలీకు.