తడిగుడ్డ

"నువ్వెక్కినావంటే బండి నిలిచిపోతాది" అని మా ఆయన మొదటిసారి నవ్వుతూ అన్నాడు. రెండోసారి నవ్వలేదు. మూడోసారికి ఆ మాట మా అత్త అక్కమ్మ నోట్లో పడింది, అక్కడి నుంచి ధర్మవరంలో నా పుట్టింటి దాకా పోయింది. మా చెల్లెలు పవిత్ర పెళ్ళికి నాలుగు రోజుల ముందు మా అమ్మ ఫోన్ చేసి, పీటల దగ్గర దీపం పట్టుకోవడానికి చిన్నాన్న కూతుర్ని అనుకున్నామని మెల్లగా చెప్పింది. పెళ్ళికూతురి వెనక దీపం పట్టుకునేది అక్క. మా ఇంట్లో అదే ఆచారం. "మీ అత్త ఏమో అనె. ఎందుకొచ్చిన తంటా, నువ్వు రోంత ఎనకాల ఉండు మణీ" అంది కన్నతల్లి. పాత కారు ఆగిపోతే నా కాలు చెడ్డదైంది.

నిజమే, ఆ కారు నేను ఎక్కినప్పుడే ఆగేది. ఎందుకని ఒక్కరూ అడగలేదు. హిందూపురంలో ఆయన ఆఫీసుకు పది నిమిషాలు. ఒక్కడే పోతాడు, ఒక్కడే వస్తాడు. ఇంజను బాగా వేడెక్కేలోపే దిగిపోతాడు. దూరం పోయేటప్పుడు మాత్రం నేను ఉండాలి. చిత్రాన్నం డబ్బా, నీళ్ల సీసాలు, అత్త మాత్రలు, ఆమెకు వాంతులొస్తే పట్టే సంచి, ఇవన్నీ నేను కాకపోతే ఎవరు మోస్తారు? పెనుకొండ వచ్చేసరికి బండి ఆగేది. దిగి తోసేదీ నేనే, తోస్తూ తిట్లు తినేదీ నేనే. అందరూ తిని చేతులు కడుక్కున్నాక ఏమీ జరగనట్టు స్టార్టయ్యేది. ఆగిన ప్రతిసారీ తాళం తిప్పితే ఇంజను గరగరమని తిరిగేది, దాని వేగం చూపించే ముల్లు మాత్రం సున్నా మీద నుంచి కదిలేది కాదు. నేను ఆ ముల్లును చూసేదాన్ని. ఆయన నా మొహం చూసేవాడు.

కారు మళ్లీ షెడ్డుకు చేరినప్పుడు ఈ సంగతులన్నీ మెకానిక్ ఉలిగప్ప దగ్గరికి నేనే పోయి చెప్పాను. అప్పటికే అతను బ్యాటరీ మార్చాడు, పెట్రోలు పంపు మార్చాడు. ఈసారి బానెట్టెత్తి, గేరుబాక్సు పైన బొటనవేలంత నల్లటి సెన్సర్ చూపించాడు. ఇంజను తిరుగుతోందని కంప్యూటరుకు చెప్పేది అదేనట.

"వేడి తగిల్తే సచ్చిపోతాది, సల్లారితే లేస్తాది. మళ్లా నిలిస్తే దానిమీద తడిగుడ్డ కప్పు తల్లీ. స్టార్టయితే తప్పు దాందే. ఇన్నిసార్లు వచ్చినాడు, మీ ఆయన ఇవేమీ చెప్పనేలేదే."

చెప్పిందల్లా పెళ్ళాం కాలు మంచిది కాదని. షెడ్డులో అందరూ నవ్వారట. నా ఒళ్లు మండిపోయింది. ఇంటికొచ్చి సెన్సర్ మార్పించమంటే, నువ్వెప్పుడు మెకానిక్ అయినావే అన్నాడు మా ఆయన.

పెళ్ళిరోజు నన్ను బస్సెక్కించి తల్లీకొడుకులు కారులో ముందుగా పోయారు. డబ్బా, సీసాలు మాత్రం నా ఒళ్లోనే. బస్సు పెనుకొండ దాటుతుండగా కిటికీలోంచి కారు కనబడింది. బానెట్టు ఎత్తి ఉంది. పట్టుచీరలో అత్త ఎండలో రాతి మీద కూర్చుని ఉంది. నవ్వొచ్చింది. దానికి పదింతలు కోపమొచ్చింది. బస్సు ఆపించి దిగాను.

తువ్వాలు తడిపి సెన్సర్ మీద కప్పాను. దానిమీద సీసాడు నీళ్లు పోశాను. కాసేపాగి తాళం తిప్పమన్నాను. ముల్లు లేచింది, ఇంజను అందుకుంది. మా ఆయన స్టీరింగు వైపే చూస్తూ కూర్చున్నాడు. చీర దులుపుకుంటూ అత్త ముందు సీట్లో సర్దుకుని, ముహూర్తం దాటిపోతుంది, తొందరగా ఎక్కమంది.

నేను ఎక్కలేదు. మా అమ్మ నంబరు కలిపి సెల్లు అత్త చేతిలో పెట్టాను.

"నేను లేకున్నా బండి నిలిచిందని మా అమ్మకు చెప్పు అత్తా. దీపం నా చేతికే ఇయ్యమని గూడా నువ్వే చెప్పు. చెప్తే ఎక్కుతా, లేదంటే ఎనకాల ఇంకో బస్సు వస్తాది నాకు. ఆ గుడ్డ ధర్మవరం దాకా తడిగా ఉండదు. నీళ్లు నా దగ్గర ఉండాయి."