నాడా పుల్ల

"ఇవాళ కాస్త బాగా తుడువు. పనుంది."

శుక్రవారం పొద్దున ముఖం కడుక్కుంటూ ఆయన అన్న మాట ఇది. టీలో ఇంకో చెంచా చక్కెర వెయ్యమన్నంత మామూలుగా అన్నాడు. ప్రతి శుక్రవారం నేను చేసే పనే. మధ్యాహ్నం నమాజుకి వెళ్ళేటప్పుడు తుపాకీ ఆయన భుజాన తళతళలాడాలి. పదిహేనేళ్ళలో నేను జ్వరంతో మూలిగిన శుక్రవారాలున్నాయి, నిండు నెలలతో కూలబడిన శుక్రవారాలున్నాయి. తుపాకీ తుడవని శుక్రవారం మాత్రం లేదు. మా ఇంట్లో ఒక చిన్న సీసాలో మిషన్ నూనె ఉంటుంది. అది నా కుట్టుమిషన్ కోసం నేను తెప్పించుకున్నది. ఊళ్ళో సగం మంది ఆడవాళ్ళ బట్టలు నేనే కుడతాను. కానీ నూనె మొదట తుపాకీకే. మిగిలితే మిషన్‌కి. మిగలదు. అందుకే నా మిషన్ ముసలి గాడిదలా అరుస్తుంది, మా అత్తేమో "ఆ గోలేమిటే, ప్రాణం తీస్తున్నావు" అని నన్ను అరుస్తుంది.

మా లోయలో ఆడది మొగుడి పేరు పలకకూడదు. రాయకూడదని ఎవరూ అనలేదు కాబట్టి రాస్తున్నాను. ఆయన పేరు జర్వలీ. మగవాళ్ళూ నలుగురిలో పెళ్ళాం పేరెత్తరు. మగవాళ్ళు కూడే హుజ్రా చావడిలో కూర్చుని కబుర్లాడుకునేటప్పుడు ఆయన నా గురించి చెప్పాల్సి వస్తే "మా ఇల్లు" అంటాడు. "మా ఇంటికి ఒంట్లో బాగాలేదు." "మా ఇల్లు పుట్టింటికెళ్ళింది." బఖ్త్‌మీనా అనే పేరు నాకొకటి ఉందని నాకే అప్పుడప్పుడూ గుర్తు చేసుకోవాల్సి వస్తుంది. తుపాకీకి మాత్రం పేరు పెట్టుకున్నాడు, షాహీన్ అని. డేగ అని అర్థం. ఆ పేరుతో పిలుస్తాడు, ముద్దుగా. నా పెళ్ళి గాజులు ఆరూ అమ్మి కొన్న తుపాకీ అది. "తుపాకీ మగవాడికి నగ. ఇంటికి ఒక్క నగ చాలదా?" అంది అప్పుడు మా అత్త. ఆ నగే, మా మరిది కొడుకు పుట్టినప్పుడు కొండలు దద్దరిల్లేలా ముప్పై గుళ్ళు పేల్చింది. నా కూతురు స్పోగ్మయ్ పుట్టినప్పుడు ఒక్క గుండూ పేల్చలేదు. నేను పురిటి మంచం మీద ఆ చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని ఉన్నాను. కోడి కూతలు తప్ప ఏమీ వినపడలేదు. ఆ సంగతి నేనెప్పుడూ మరిచిపోలేదు.

ఇవాళ పనేమిటో నాకు తెలుసు. మూడు రోజుల కింద కాలువ దగ్గర నీటి వంతు కోసం ఆయనకీ, చిన్నాన్న కొడుకు సైఫూర్‌కీ మాటామాటా పెరిగింది. దాయాదుల గొడవలు మాకు కొత్త కాదు, తిట్టుకుంటారు, నాలుగు రోజులు ముఖాలు తిప్పుకుంటారు, ఎవరో చచ్చిపోతే మళ్ళీ కలుస్తారు. కానీ ఈసారి సైఫూర్ హుజ్రా నిండా జనం ఉండగా అనకూడని మాట అన్నాడు. "నీ భుజం మీద వేలాడేది తుపాకీ అనుకుంటున్నావేమో. అవి నీ పెళ్ళాం గాజులు. తొడుక్కో, బాగుంటాయి." ఎవరో నవ్వారట. ఆ నవ్వు మా ఇంటిదాకా వచ్చింది, మూడు రోజులుగా మాతోపాటే తింటోంది, మాతోపాటే పడుకుంటోంది. ఆయన నిన్న తల్లితో అన్నాడు: "రేపు నమాజు కాగానే నీళ్ళు మన చేలోకి తిప్పుతాను. వాడు వస్తాడు. రానీ." మా అత్త జపమాల పూసలు తిప్పుతూనే ఉంది.

మా అత్త ఈ ఇంటికి ఎలా వచ్చిందో ఊరందరికీ తెలుసు. ఎవరూ అనరు. ఆమె అన్న ఈ ఇంటి మనిషినొకడిని కాల్చాడు. పంచాయితీ పెద్దలు కూర్చుని నెత్తురుకి బదులుగా ఆ ఇంటి పిల్లని ఈ ఇంటికిచ్చి పగ చల్లార్చారు. పన్నెండేళ్ళ పిల్ల. డోలు లేదు, గోరింటాకు లేదు, ఒక గాడిద మీద కూర్చోబెట్టి పంపేశారు. చంపినవాడు తర్వాత ముగ్గురు మనవల్ని ఎత్తుకుని హాయిగా పోయాడు. చంపనిది మాత్రం నలభై ఎనిమిదేళ్ళుగా ఈ ఇంటి పేడకళ్ళు ఎత్తుతోంది.

నా స్పోగ్మయ్‌కి పదమూడు. సైఫూర్‌కి పెళ్ళికెదిగిన తమ్ముడున్నాడు. ఆయన కాలిస్తే రేపు పెద్దలు ఏ గుమ్మం వైపు చూస్తారో, ఎవర్ని అడుగుతారో నేను లెక్కలు వెయ్యక్కర్లేదు. గురి ఆయనది, గుండు తగిలేది నా కూతురికి.

తుపాకీని నేలమీద గుడ్డ పరిచి విప్పాను. విప్పడం నాకు వెన్నతో పెట్టిన విద్య. మా నాన్న దర్రా బజారులో తుపాకులు చేసేవాడు. కళ్ళు మసకబారాక చిన్న చిన్న ముక్కలు ఇంటికి తెచ్చి నా ముందు పోసేవాడు. పొయ్యి దగ్గర కూర్చుని ఆకురాయితో నేను అరగదీసినవెన్నో. "వీడి చేతిపని చూడండి" అని బజారులో అందరికీ మా అన్నయ్యని చూపించేవాడు. తూటా వెనక పొడిచి దాన్ని పేల్చేది వేలెడంత సన్నటి ఇనప పుల్ల ఒకటి. అది లేకపోతే ఎంత షాహీన్ అయినా రోకలిబండే. ఒక మేకు, రెండు సుత్తి దెబ్బలు. పుల్ల నా అరచేతిలో పడింది. మిగతావన్నీ ఎక్కడివక్కడ బిగించి, నూనె రాసి, ముఖం కనపడేలా తుడిచాను.

ఎదురుగా మంచం మీద మా అత్త బఠాణీలు ఒలుస్తోంది.

"అయిందా?" అంది.

"అయింది."

ఆమె మళ్ళీ బఠాణీల్లో పడింది. నేను పుల్లని మిషన్ సొరుగులో వేశాను. అప్పుడు తట్టింది నాకు. ఈయన చేతిలో రోకలిబండ పెట్టి పంపుతున్నాను. అవతల సైఫూర్ చేతిలో ఉన్నది రోకలిబండ కాదుగా! నాకు ఈయన మీద కోపాలున్నాయి, చెప్పుకుంటే కొండంత. కానీ చచ్చిపోవాలని ఒక్కనాడూ అనుకోలేదు. సైఫూర్ పెళ్ళాం నజ్మీనా కమీజు ఒకటి కుట్టి పెట్టి ఉంది. దాన్ని చంకన పెట్టుకుని, చాదర్ కప్పుకుని వెనక గుమ్మంలోంచి వెళ్ళాను.

మగవాళ్ళు స్నానాలకి మసీదుకి వెళ్ళారు. నజ్మీనా వంటింట్లో, కాళ్ళ దగ్గర గుడ్డ పరుచుకుని, సరిగ్గా నేను చేసొచ్చిన పనే చేస్తోంది, మొగుడి తుపాకీ తుడుస్తోంది. నన్ను చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"వదినా, మీ ఆయన్ని ఇంట్లో కట్టెయ్యరాదా?"

"మీ ఆయన్ని కట్టెయ్యడానికి నీ దగ్గర తాడుందా? ఇటు ఇవ్వు."

ఏం చెయ్యబోతున్నానో చెప్పాను. నోరు తెరిచింది. "తెలిస్తే చంపేస్తాడు."

"దేంతో చంపుతాడే?"

అంత ఏడుపులోనూ ఫక్కున నవ్వింది. నేను పుల్ల తీసి ఆమె చేతిలో పెట్టబోతే వెనక్కి జరిగింది. "నీ దగ్గరే ఉంచు వదినా. నా ముఖం అద్దంలాంటిది, అన్నీ చూపించేస్తుంది."

నమాజయ్యాక నేనూ అత్తా మిద్దె ఎక్కాం. స్పోగ్మయ్‌ని రొట్టెలు కాల్చమని కింద వదిలేశాను. కాలువ స్పష్టంగా కనపడుతోంది. ఈయన పార తీసుకుని అడ్డుకట్ట తెరిచాడు. సైఫూర్ గట్టు మీద నిలబడ్డాడు. జనం అటూ ఇటూ చీలారు. ఇద్దరూ తుపాకులు భుజానికి ఎత్తారు. నాకు తెలుసు కదా, అయినా కళ్ళు మూసుకున్నాను. మా అత్త చెయ్యి నా చేతిని పట్టుకుంది. నేను ఈ ఇంటికి వచ్చాక ఆమె నన్ను ముట్టుకోవడం అదే మొదటిసారి.

చప్పుడు లేదు. కళ్ళు తెరిచాను. ఈయన తుపాకీని కుదిపి మళ్ళీ ఎత్తాడు. పేలని తూటా ఒకటి బురదలో పడింది. అవతల సైఫూర్‌దీ అదే తంతు. ఇద్దరూ తిక్క పట్టినట్టు లాగుతున్నారు, కుదుపుతున్నారు, మళ్ళీ లాగుతున్నారు. అంతలో తెల్లగడ్డం హాజీ మీర్‌బాజ్ గబగబా మధ్యలోకి నడిచి, తలపాగా తీసి వాళ్ళిద్దరి మధ్య నేలమీద పడేశాడు. పెద్దాయన తలపాగా దాటి అడుగు వేసే మగాడు మా లోయలో పుట్టలేదు. ఆయన అన్న మాట తర్వాత ఊరంతా చెప్పుకుంది: "అల్లా రెండు తుపాకుల నోళ్ళూ మూశాడు. ఇక మీ నోళ్ళు మీరు మూసుకోండి." గొడవ ఆగిందనడానికి గుర్తుగా అక్కడికక్కడే సంధి రాయి పాతారు. మాట తప్పకుండా ఉండడానికి తాకట్టుగా ఇద్దరి తుపాకులూ ఏడాదిపాటు హాజీ ఇంట్లో పెట్టాలన్నారు. అవి ఎందుకు పేలలేదో విప్పి చూసే తీరికే ఎవరికీ దొరకలేదు.

ఆయన ఇంటికొచ్చి మంచం మీద కూలబడ్డాడు. నీళ్ళు అడిగి గ్లాసెడూ గటగటా తాగాడు. "పేలలేదు" అన్నాడు. గ్లాసు కింద పెట్టి మళ్ళీ "పేలలేదు" అన్నాడు. తర్వాత మూడు రొట్టెలు తిన్నాడు, మూడు రోజుల తర్వాత. స్పోగ్మయ్ జడ పట్టుకుని ఊరికే ఒకసారి లాగాడు. అది "అబ్బా, నాన్నా!" అని విసుక్కుంటూ నాలుగో రొట్టె వేసింది. నేను వంటింట్లోకి వెళ్ళి చాదర్ నోట్లో కుక్కుకుని ఏడ్చాను. అంత హాయిగా నేనెప్పుడూ ఏడవలేదు.

వారం తర్వాత అనుకుంటాను, మా అత్త సల్వారు నడుముకి నాడా తాడు ఎక్కిస్తూ "పుల్ల ఇటివ్వవే" అంది. కట్టెపుల్ల ఇచ్చాను. "ఇది కాదు. సొరుగులోది, ఇనపది." ఆమె వంక చూశాను. ఆమె ముఖంలో ఏమీ లేదు. పుల్లకి సన్నటి గాడి ఒకటి ఉంటుంది, అక్కడ నాడా కొస ముడేసి నడుము మడతలో, నేఫాలో దూర్చితే జారకుండా చుట్టూ తిరిగొస్తుంది. అంత మంచి నాడా పుల్ల ఊళ్ళో ఎవరి దగ్గరా లేదు. ఏడాదంతా అది మా ఇద్దరి మధ్యా తిరిగింది. దాని గురించి ఒక్క మాటా అనుకోలేదు.

గడువు తీరింది. నీటి వంతులు కుదిరాయి. శుక్రవారం పొద్దున ఆయన హాజీ ఇంటి నుంచి షాహీన్‌ని తెచ్చి నా ముందు పెట్టాడు.

"నువ్వు దర్రా మనిషివి కదా, దీనికేమైందో చూడు. వచ్చేవారం పెళ్ళి ఉంది, నలుగురూ పేలుస్తారు. నేను గుడ్లప్పగించి నిలబడనా?"

విప్పాను. ఆయన పక్కనే గొంతుక్కూర్చున్నాడు. "ఇక్కడ ఏదో ఉండాలి కదూ, ఖాళీగా ఉందే?" అన్నాడు. మూడు బారల దూరంలో మా అత్త స్పోగ్మయ్ బడి సల్వారుకి నాడా ఎక్కిస్తోంది. ఆయన ఆమె చేతుల వంక చూశాడు, మళ్ళీ తుపాకీ వంక చూశాడు. పోల్చుకోలేదు. ఎలా పోల్చుకుంటాడు? పదిహేనేళ్ళకు పైగా దాన్ని భుజాన మోశాడే గాని ఒక్కసారైనా విప్పి తుడిచిన పాపాన పోలేదు. అరిగిపోయిందని చెప్పొచ్చు. పడిపోయిందని చెప్పొచ్చు. ఆయన నమ్ముతాడు, దర్రా నుంచి కొత్తది తెప్పిస్తాడు. అప్పుడు నా చేతులతో నేనే బిగించాలి.

"అది అత్త చేతిలో ఉంది. నేనే తీశాను. ఆ రోజే."

ఆయన ముఖం ముందు తెల్లబడింది, తర్వాత ఎర్రబడింది. "చచ్చిన తుపాకీ చేతికిచ్చి పంపావా నన్ను? సైఫూర్ కాల్చేసి ఉంటే?"

"సైఫూర్ పుల్ల కూడా నా సొరుగులోనే ఉంది."

మిషన్ దగ్గరికి వెళ్ళి సొరుగు లాగి, రెండో పుల్లని సూదుల మధ్యలోంచి తీసి చూసుకున్నాడు. "ఏడాదిగా రోజుకైదుసార్లు అల్లాకి షుక్రియా చెప్పుకుంటున్నాను. మీరిక్కడ దాంతో నాడాలు ఎక్కిస్తున్నారా?" అన్నాడు. గొంతులో కోపం ఉందో నవ్వు ఉందో ఆయనకే తెలియలేదనుకుంటాను. "తిరిగి పెట్టగలవా?"

"రెండు నిమిషాల పని. కానీ పెట్టను. స్పోగ్మయ్ ఈ ఇంట్లో ఉన్నంతకాలం పెట్టను. కావాలంటే మీరే పెట్టుకోండి."

పెట్టుకోవడం ఆయనకి రాదని ఇద్దరికీ తెలుసు. ఆయన పుల్లని సొరుగులో పడేసి, తుపాకీని నేను బిగించేదాకా ఆగి, భుజాన వేసుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగాడు. "హుజ్రాలో ఎవరికీ తెలియకూడదు."

"నన్ను హుజ్రాకి ఎప్పుడు పిలిచారు?"

ఆయన వెళ్ళిపోయాడు, మూగ షాహీన్‌తో, ఎప్పటిలాగే ఛాతీ విరుచుకుని. నేను మిషన్ ముందు కూర్చున్నాను. నూనె సీసా మూత తీశాను. అలవాటు కొద్దీ ఏడాదిగా షాహీన్ కోసమే దాచి ఉంచాను, నిండా ఉంది. మొదటి చుక్క చక్రం ఇరుసు మీద వేసి తిప్పాను. గాడిద అరుపు ఆగిపోయింది.

మా అత్త నాడా రెండు కొసలూ సమంగా లాగి, పుల్ల ముడి విప్పుతూ, తల ఎత్తకుండా అంది:

"మా పుట్టింట్లో నీలాంటి కోడలు ఒక్కతి ఉండి ఉంటే, నేనీ ఇంటికి వచ్చేదాన్నే కాదు."