పుస్తకంలో ఏష్

అవాతిఫ్ అట్టముక్క మీద మైదా జిగురు పూసి ఫొటోను అదిమింది. ఫొటోలో నెస్మా వాళ్లమ్మ పొయ్యిలోంచి ఉబ్బిన రొట్టెను తీస్తోంది. అవాతిఫ్ వేళ్లకంటిన జిగురును నల్లటి గౌనుకు తుడుచుకుని, జారిన కళ్లజోడును పైకి నెట్టుకుంది. ఆ బళ్లో ఊడ్చేది, టీ కాచేది ఆవిడే. పగిలిన ఫోను పట్టుకుని పిల్లల ఇళ్లకు వెళ్లి, వాళ్ల గాడిదల్నీ చెప్పుల్నీ తాతల్నీ ఫొటోలు తీసి, కింద పేర్లు రాసి గోడకు తగిలించేదీ ఆవిడే. చెయ్యమని ఎవరైనా చెప్పారా? లేదు. తమ గాడిద పేరు చదవడానికి ఏ పిల్లకైనా బద్ధకమేమిటి?

చిక్కంతా నెస్మాతోనే వచ్చింది. ఏడాదవుతున్నా ఆ పిల్లకు ఒక్క మాట చదవడం రాలేదు. ఈ పూట కూడా చదవకపోతే బడి మాన్పించి పొయ్యి దగ్గర కూర్చోబెడతానని తల్లి తేల్చేసింది.

తప్పు అవాతిఫ్‌దే. ముందురోజు ఇదే ఫొటో కింద, పాఠ్యపుస్తకపు అరబ్బీలో ఉన్నట్టే రొట్టెకు 'ఖుబ్జ్' అని రాసింది. ఈజిప్టులోని దమన్‌హూర్‌లో మాత్రం రొట్టెను ఏష్ అంటారు. బతుకుకీ అదే మాట. కొట్లో ఖుబ్జ్ అని అడిగితే, టీవీలో వార్తలు చదువుతున్నావా అంటారు. నెస్మా ఫొటో చూసి 'ఏష్' అంది. క్లాసంతా గొల్లున నవ్వింది. పిల్ల నోరు కుట్టేసుకుంది.

"మా అమ్మ చేసేది అది కాదు పిన్నీ," అని మాత్రం తర్వాత గొణిగింది.

అందుకే ఈ కొత్త అట్ట. ఈసారి కింద 'ఏష్' అని రాసింది.

హెడ్మిస్ట్రెస్ సౌసన్ దాన్ని చూసి మొహం చిట్లించింది. "ఏంటిది అవాతిఫ్? బళ్లో బజారు మాటలా?"

"ముందు పిల్లని గడపలోకి రానివ్వండమ్మా. పెద్దమాటలు తర్వాత నేర్చుకుంటుంది."

"బొమ్మ చూసి చెబితే చదివినట్టేనా?" సౌసన్ నెస్మాను పిలిచి, అరచేత్తో ఫొటోను మూసేసింది. "ఊఁ, చదువు."

తలుపు దగ్గర తల్లి పిండి చేతులతోనే నిలబడి ఉంది. నెస్మా వేలు అక్షరాల మీద పాకింది. ఐన్. యా. షీన్.

"ఏష్."

సౌసన్ ఊరుకోలేదు. నల్లబల్ల మీద 'ఖుబ్జ్' అని రాసింది. దానికి బొమ్మ లేదు. పిల్ల ఖా దగ్గర ఆగింది, బా దాటింది, ఊపిరి పీల్చుకుని "ఖుబ్జ్" అంది.

"అంటే ఏంటే?"

"పుస్తకంలో ఏష్."

సౌసన్‌కు నవ్వాగలేదు. తల్లి కూతురి జుట్టు సవరించబోయి, తలంతా పిండి చేసింది.

"రేపు పెందలాడే పంపు," అంది సౌసన్ ఆమెతో.

ఆ సాయంత్రం అవాతిఫ్ గది ఊడ్చి, ఇంటికెళ్లి పడుకుంది. మరి లేవలేదు. ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా పోయింది మహాతల్లి. అలాంటి మనిషి మళ్లీ దొరకదు.

గోడకు పెడదామని ఆవిడ ఫొటో కోసం వెతికారు. ఊరందరినీ ఫొటోలు తీసిన మనిషిని ఎవరూ ఒక్కటీ తియ్యలేదు. చివరికి నెస్మాయే ఒక అట్ట కత్తిరించి, పైన ఫొటోకు చోటు వదిలి, కింద వంకర అక్షరాలతో 'అవాతిఫ్ పిన్ని' అని రాసింది. గదిలోకి వస్తూనే పిల్లలు పైకి చదువుతారు. అట్ట పైసగం ఇంకా తెల్లగానే ఉంది.