ఎడమ తిప్పుడు

సిరిసిల్లలో నూలుకు ఎరుపు ఎక్కించాలంటే మా అత్త కమలవ్వ తర్వాతే ఎవరైనా. ఆ మాట ఆమె కూడా ఒప్పుకుంటుంది, ఎవరూ అడక్కుండానే.

ఆ ఏడు నేత సొసైటీ చాలా నూలు ఇచ్చింది. మా చిన్న గంగాళం చాలక పెద్దది పెట్టాం. మొదటి విడత నూలు చారలు చారలుగా వచ్చింది. రెండో విడతా అంతే. సొసైటీ పెద్ద రామచంద్రం చూసి, "కమలవ్వా, మళ్ల గిట్లనే అయితే నూలు వేరే ఊరికి పంపుత," అన్నాడు. ఆ పూట అత్త అన్నం ముట్టలేదు. నాకు ఒళ్లు మండింది. ఆమెను నేను వంద అంటాను, బయటివాడు ఒక్కటంటే ఊరుకుంటానా?

మా ఇంట్లో రంగును కుడికే తిప్పాలి, గుడి చుట్టూ తిరిగినట్టు. ఎడమ తిరుగుడు చితి దగ్గరే అని అత్త శాసనం.

మూడో విడతకు అత్త తిప్పుతుంటే వంగి చూశాను. నీళ్లు కర్రతోపాటే గుండ్రంగా పోతున్నాయి, రంగు వాటి వెంటే గాజుల్లా తిరుగుతోంది. పక్కపక్కనే నడుస్తున్నాయి గానీ ఒకదాంట్లోకి ఒకటి పోవడం లేదు. చిన్న గంగాళంలో కర్ర అంచులకు తగిలి నీళ్లు చెదిరేవి. ఇందులో ఆ అడ్డం లేదు.

"అత్తా, నీళ్లు తిరుగుతున్నయి గని కలుస్తలేవు. ఎదురు తిప్పాలె," అని కర్ర అందుకున్నాను.

"ఎడమకా? ఇంట్ల ఎవరన్న పోవాల్నా నీకు?"

"పోతే చారలే పోతయి."

ఎడమకు తిప్పాను. కర్రతో నీళ్లను నడిమికి కోసి మళ్లీ కుడికి తిప్పాను. రంగు గాజులు విరిగి, సాగి, మడత మీద మడత పడి సన్నబడ్డాయి. పిండి పిసికినట్టే. చివరికి ఎక్కడ చూసినా ఒకటే ఎరుపు. అత్త నూలు ముంచింది.

మర్నాడు రామచంద్రం ఆరిన నూలును ఎండలో అటూ ఇటూ తిప్పి చూశాడు. మచ్చ లేదు. "కమలవ్వ చెయ్యి కమలవ్వదే," అన్నాడు. వాకిట్లో సగం వాడ ఉంది. అత్త తలూపి ఊరుకుంటే సరిపోయేది.

"నా చెయ్యి గాదు. నా కోడలు అనసూర్యది. ఎడమకు తిప్పింది," అంది అత్త.

పక్కింటి శంకరవ్వ బుగ్గలు నొక్కుకుంది. "అరిష్టం గాదా, వదినా?"

"నీళ్లకు అరిష్టమేంది? రేపటి సంది గంగాళం దానిదే. నేను గూడ దాన్ని అడిగే తిప్పుత."

గర్వం దాచుకుందామనే చూశాను. నా మొహానికి ఆ విద్య రాదు.