శరభయ్య ఇంటికెళ్ళిన అధ్యాయం

గురజాలలో రిటైరైన తెలుగు టీచరు కృపామణి పొద్దున్నే రెండు గ్లాసుల కాఫీ కలుపుతుంది. ఒకటి తనకి, ఒకటి వరండాలో కూర్చున్న శరభయ్యకి.

శరభయ్యంటే 'వ్యాజ్యం లేని ఊరు' నవల్లో కథానాయకుడు. దాచేపల్లిలో అన్నతో గట్టు తగాదా పడి, వాయిదాలకి తిరిగి తిరిగి విసుగెత్తి, కోర్టులే లేని ఊరు వెతుక్కుంటూ గొడుగేసుకుని దేశాలన్నీ తిరిగిన మనిషి. ఆ నవల ఎన్ని రకాలుగా వస్తే అంతమంది శరభయ్యలు ఈ చుట్టుపక్కల ఊళ్ళల్లో నిజంగానే ఉన్నారు. ఎవరి కథ ఎక్కడ ఆగిపోతే వాళ్ళు అక్కడ స్థిరపడతారు, అంతే. మొదటి ముద్రణ శరభయ్య దాచేపల్లిలో పెళ్ళాంతో ఉంటూ సిమెంటు లారీలని బూతులు తిడుతుంటాడు. నాటకం శరభయ్య నరసరావుపేటలో ఇడ్లీ అడగాలన్నా రాగం తీస్తాడు. టీవీ సీరియల్ శరభయ్య మాచర్ల స్టేషన్లో ఇంకా టికెట్టే కొంటున్నాడు, పాపం.

కృపామణి వరండాలో ఉన్నాయన పదో తరగతి ఉపవాచకం శరభయ్య. నవలని పిల్లల కోసం కుదించింది ఆవిడే. ఆయన ఇల్లు చేరడం, యాత్రల కబుర్లు విని భార్య వెంకాయమ్మ పకపకా నవ్వడం చివరి అధ్యాయం. చివరి పాఠంలోంచి పబ్లిక్ పరీక్షలో ప్రశ్న రాదని మన టీచర్లకి ఓ నమ్మకం కదా! ఎట్లాగూ ఎవరూ చదవరని ఆ అధ్యాయం తీసేసింది. ఇంటిదారి తెలియని శరభయ్య తిన్నగా వచ్చి ఆమె వరండాలోనే కూర్చున్నాడు.

తమ్ముళ్ళని చదివించేసరికి కృపామణికి పెళ్ళీడు దాటింది. శరభయ్య మిరపకాయల తొడిమలు తీసిపెడతాడు. ఆదివారం చర్చి గేటుదాకా గొడుగు పడతాడు. చెప్పకేం, ఆయనంటే ఆమెకి ప్రాణం.

అట్లాంటప్పుడు నరసరావుపేట ప్రెస్సు షాహిద్ ఫోన్ చేశాడు. ఉపవాచకం మళ్ళీ వేస్తున్నానని, ఆ చివరి అధ్యాయం కూడా టైపు చేసి పంపమని అడిగాడు. అది అచ్చయితే శరభయ్య ఇంటికి పోతాడు. ఆమెకి తెలుసు. సరేనంది గానీ పంపలేదు. కళ్ళు మంటలంది, క్రిస్మస్ పనులంది, జ్వరమంది.

ఈలోపు చుట్టాల పెళ్ళికని దాచేపల్లి వెళ్ళింది. ఉపవాచకం వెంకాయమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. మొదటి పాఠంలో మొగుడికి సద్ది కట్టి పంపినప్పటి నుంచీ అక్కడే ఉంది. జుట్టంతా సిమెంటు దుమ్ము.

"ఏమ్మా, మా ఆయన ఎక్కడన్నా కనపడ్డాడా?"

"లేదమ్మా," అంది కృపామణి.

పెళ్ళి భోజనానికి కూడా ఆగలేదు. ఇంటికొచ్చి కంప్యూటరు ముందు కూర్చుంది. మూలం పక్కన పెట్టుకుని అక్షరం పొల్లుపోకుండా కొట్టి షాహిద్‌కి పంపింది. తర్వాత వరండాలోకి వచ్చి అడిగింది.

"అక్కడికి పోయాక నన్ను తలుచుకుంటావా శరభయ్యా?"

"అదేంది టీచరమ్మా, ఇన్నేళ్ళు నీ ఉప్పు తిన్నోణ్ణి. మా ఆడదానికి నీ గురించి చానా చెప్తా."

పుస్తకం అచ్చయిన రోజున కాఫీ సగంలో వదిలేసి లేచాడు. గొడుగు తీసుకుని దాచేపల్లి బస్సెక్కాడు. ఆమె పులిహోర కట్టిచ్చింది.

మర్నాడు షాహిద్ కాపీలు పంపాడు. కృపామణి ఆఖరి అధ్యాయం తెరిచింది. ఇన్నాళ్ళూ ఎక్కడ తిరిగావని వెంకాయమ్మ అడిగింది. శరభయ్య రంగూన్ చెప్పాడు, ఓడ చెప్పాడు, అందరూ ప్లీడర్లే ఉన్న దీవి చెప్పాడు. వెంకాయమ్మ నవ్వింది. కృపామణి పేజీలు వెనక్కీ ముందుకీ తిప్పి వెతికింది. గురజాల మాటే లేదు.

ఎందుకుంటుంది? ఒక్క ముక్క చేర్చి ఉంటే కాదనేవాళ్ళెవరూ లేరు. షాహిద్ చూసేవాడు కూడా కాదు. కానీ తెలుగు టీచరు కదా, మూలంలో లేనిది రాయకూడదనుకుంది.